ప్లేస్టేషన్ నెట్‌వర్క్ సమీక్ష: పెట్టెకు పది తాళాలు, పెరటి తలుపు బార్లా

ఆన్‌లైన్ గేమింగ్ సేవకు అది సాఫీగా నడిచే రోజున మార్కులు వేసి లాభం లేదు. పడిపోయిన రోజున ఏం చెప్పింది, ఎంతసేపట్లో లేచింది, ఆ మధ్యలో మనం కొన్న ఆటలు మన చేతిలో ఉన్నాయా లేవా అన్నవే చూడాలి. ఆ లెక్కన సోనీ ప్లేస్టేషన్ కన్సోళ్ల ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌ను, అంటే పీఎస్ఎన్‌ను, తూచడానికి 2011 ఏప్రిల్‌కు మించిన తూకంరాయి లేదు. ఆ నెల 20న మూతపడిన సేవ మే 14 దాకా తెరుచుకోలేదు. తెరిచాక కూడా దశలవారీగానే. జపాన్‌లో మే 28న వచ్చింది, స్టోర్ జూన్ మొదట్లో గానీ రాలేదు.

మొదటి రెండు రోజులూ సోనీ చెప్పింది దాదాపు ఏమీ లేదు. ఒకటి రెండు రోజులు పట్టవచ్చన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది. బయటివాళ్లు చొరబడ్డారని 22న ఒప్పుకుంది. సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు పోయాయన్న సంగతి 26న చెప్పింది. ఆ ఖాళీలో పుకార్లు పుట్టకపోతేనే ఆశ్చర్యం. అందులో బాగా నిలబడింది మోడింగ్, అంటే కన్సోల్‌ను సోనీ అనుమతి లేకుండా మార్చుకోవడం, చుట్టూ అల్లిన కథ: రీబగ్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ (కన్సోల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు బయటివాళ్లు చేసిన రూపం) మామూలు ప్లేస్టేషన్ 3కి, అంటే పీఎస్3కి, ఆటలు తయారుచేసేవాళ్లు వాడే డెవలపర్ కన్సోల్ లక్షణాలు తెచ్చిపెడుతోంది, దాంతో కొందరు డెవలపర్ల కోసం ఉంచిన నెట్‌వర్క్‌లోకి దూరి, చెల్లని కార్డు నంబర్లతో ఆటలు దించుకుంటున్నారు, అందుకే సోనీ మొత్తం కట్టేసింది అని.

కథలో బిగువు ఉంది గానీ లెక్క కుదరదు. దొంగ డౌన్‌లోడ్లే సమస్యయితే డెవలపర్ సర్వర్ల వైపు దారి మూసి, ఆ కన్సోళ్లను బ్యాన్ చేస్తే సరిపోయేది. అందుకోసం డబ్బులిచ్చి ఆడేవాళ్లందరినీ మూడు వారాలు బయట నిలబెట్టే వ్యాపారి ఉండడు. తర్వాత అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘానికి సోనీ రాసిన లేఖలో అసలు క్రమం ఉంది. ఏప్రిల్ 19 మధ్యాహ్నం కొన్ని సర్వర్లు ఎవరూ చెప్పకుండానే రీబూట్ అవుతుండటం నెట్‌వర్క్ సిబ్బంది గమనించారు. ముందు నాలుగింటిని పక్కకు తీశారు, మర్నాడు ఇంకో ఆరు తేలాయి, అప్పుడు మొత్తం ఆపేశారు. అప్పట్లో ఉన్న సర్వర్లు సుమారు 130. చొరబాటు వెబ్ సర్వర్ మీదుగా, మామూలు కొనుగోలు లావాదేవీలా కనిపిస్తూ, వెనకున్న అప్లికేషన్ సర్వర్‌లోకి వెళ్లింది. వాడుకున్న లోపం బయటి ప్రపంచానికి తెలిసినదే, తమ యాజమాన్యానికే తెలియలేదని మే 1న టోక్యో సమావేశంలో కంపెనీ చెప్పుకుంది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2013 జనవరిలో 2,50,000 పౌండ్ల జరిమానా వేసినప్పుడు చెప్పిన కారణమూ అదే: సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసి ఉంటే ఆపగలిగేవారు. సమాచారం చెప్పిన తీరుకు పదికి 2, అదీ ఆలస్యంగానైనా లెక్కలు బయటపెట్టినందుకు.

మరి జనం ఆ పుకారును ఎందుకు నమ్మారు? అప్పటికి ఏడాదిగా సోనీ దృష్టంతా కన్సోల్ పెట్టె మీదే ఉంది కాబట్టి. 2010 ఏప్రిల్ 1న ఫర్మ్‌వేర్ 3.21తో లినక్స్ వేసుకునే అదర్‌ఓఎస్ సదుపాయం తీసేశారు. కొన్నవాళ్ల సొత్తును వెనక్కి లాక్కున్నట్టయింది. అంతదాకా పీఎస్3 జోలికి రాని నిపుణులను కవ్వించింది కూడా ఆ నిర్ణయమే. ఆగస్టులో పెట్టె తాళాన్ని తప్పించే యూఎస్‌బీ డాంగుల్ వచ్చింది, సెప్టెంబరులో 3.42 ఫర్మ్‌వేర్ ఆ దారి మూసింది. డిసెంబరులో బెర్లిన్‌లో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం వేదికెక్కి చెప్పింది మాత్రం ప్యాచ్‌తో పోయేది కాదు.

సంగతి ఇదీ. పీఎస్3 ఏ ప్రోగ్రామునైనా నడిపే ముందు దానిపై సోనీ డిజిటల్ సంతకం ఉందా అని చూస్తుంది. ఆ సంతకానికి వాడే ఈసీడీఎస్ఏ అనే గణిత పద్ధతిలో ప్రతి సంతకానికీ కొత్తగా ఒక యాదృచ్ఛిక సంఖ్య వాడి తీరాలి. సోనీ ప్రతిసారీ ఒకే సంఖ్య వాడింది. అలాంటి రెండు సంతకాలు దొరికితే చాలు. రెండు ఫైళ్ల హ్యాష్‌ల (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యల) తేడాను రెండు సంతకాల తేడాతో భాగిస్తే ఆ రహస్య సంఖ్య బయటపడుతుంది. దాన్ని వెనక్కి పెట్టి లెక్కిస్తే ప్రైవేట్ కీ, అంటే సోనీ సంతకం చేసే రహస్య తాళంచెవి, వస్తుంది. ఈ భాగహారాలు మాడ్యులో గణితంలో, అంటే శేషాలతో చేసే లెక్కల్లో, చేయాలి, అంతే తేడా. ఆపై ఎవరి ప్రోగ్రాముకైనా సోనీ సంతకం చేసేయవచ్చు. 2011 జనవరిలో మెట్‌ఎల్‌డీఆర్ కీ కూడా బయటికొచ్చింది. కన్సోల్ మొదలయ్యేటప్పుడు మిగతా లోడర్లను, అంటే ప్రోగ్రాములను తెచ్చి నడిపే ముక్కలను, తెరిచే భాగం అది. ఆ కీ పోవడం ఇంకా ఇబ్బంది, ఎందుకంటే మెట్‌ఎల్‌డీఆర్‌ను ఫ్యాక్టరీలోనే ఒక్కో కన్సోల్‌కు విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టేవారు. అమ్మేసిన పెట్టెలో దాన్ని అప్‌డేట్‌తో మార్చలేరు.

సోనీ 2011 మార్చిలో 3.60తో ఇచ్చిన జవాబు ఇంజనీరింగ్‌పరంగా మెచ్చుకోదగ్గదే. నమ్మకం పోయిన మెట్‌ఎల్‌డీఆర్‌ను వదిలేసి, దాని కింద ఉండే లోడర్లన్నిటినీ ఎల్‌వీ0 అనే మరో మూటలోకి సర్దేసింది. ఎల్‌వీ0 కీలు 2012 అక్టోబరులో బయటపడేదాకా ఆ గోడ నిలిచింది. తర్వాత తయారైన 3000 సిరీస్ స్లిమ్, సూపర్ స్లిమ్ మోడళ్లలో ఈ రోజుకీ పూర్తి కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కదు. పెట్టె రక్షణకు 7 ఇవ్వవచ్చు. ఆ ఒకే సంఖ్య తప్పు లేకపోతే 9 ఇచ్చేవాళ్లం.

నెట్‌వర్క్ వైపు వచ్చేసరికి పద్ధతి వేరు. పీఎస్ఎన్‌లోకి రావాలంటే తాజా ఫర్మ్‌వేర్ ఉండాలి, బాగానే ఉంది. కానీ ఏ వెర్షన్ నడుస్తోందో చెప్పేది కన్సోలే. కన్సోల్ మోడర్ల చేతిలోకి వెళ్లాక అది ఏం చెప్పమంటే అదే చెబుతుంది. పాత 3.55 ఫర్మ్‌వేర్ మీద ఉంటూనే కొత్త వెర్షన్ నంబరు పలికించి లోపలికి వచ్చేవాళ్లు. సర్వర్ కన్సోల్‌ను పలకరించే తీరును సోనీ మార్చేది, రోజుల్లో కొత్త స్పూఫర్, అంటే ఆ అబద్ధం పలికించే ప్రోగ్రాము, వచ్చేది. ఈ పిల్లీ ఎలుకల ఆటలో అసలు ఫర్మ్‌వేర్‌తో ఆడేవాడికి దక్కింది అప్‌డేట్ల మీద అప్‌డేట్లే.

అదే కాలంలో వచ్చిన ఇంకో గోల కార్డు వివరాల గురించి. అవతలిది అసలు సర్వరేనా అని గుర్తుపట్టడానికి కన్సోల్‌లో ఉండే సర్టిఫికెట్‌ను మార్చి, హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసి పంపే) సంభాషణను విప్పి చూసిన కొందరు, లోపల కార్డు నంబరు మామూలు అక్షరాల్లోనే వెళ్తోందని చెప్పారు. ఇందులో భయపడాల్సింది జనం అనుకున్నది కాదు. ఏ వెబ్ దుకాణమైనా హెచ్‌టీటీపీఎస్ గొట్టంలోపల సాధారణంగా నంబరును అలాగే పంపుతుంది. నిజమైన ప్రమాదం ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు చేసిన ఫర్మ్‌వేర్ వేసుకుని, అందులోనే కార్డు కొట్టేవాళ్లకు. సర్టిఫికెట్, డీఎన్ఎస్ (సర్వర్ పేరు నుంచి దాని చిరునామా వెతికే వ్యవస్థ) రెండూ మార్చగలిగిన వాడు ఆ నంబరు చదవగలడు. మోడ్ చేసిన కన్సోల్‌లో కార్డు పెట్టడం, ఇంటి తాళంచెవి దారిన పోయేవాడికి ఇచ్చి పంపడం, రెండూ ఒకటే.

బ్యాన్ల సంగతి కొనేవాళ్లు బాగా తెలుసుకోవాలి. సోనీ ఖాతాను విడిగా, కన్సోల్‌ను విడిగా బ్యాన్ చేస్తుంది. పీఎస్3 గుర్తింపు సంఖ్య ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. హార్డ్‌డిస్క్ మార్చినా, ఫార్మాట్ చేసినా, అసలు ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించినా అది మారదు, బ్యాన్ పోదు. మోడర్లు దీనికి కనిపెట్టిన విరుగుడు ఇంకో కన్సోల్ సంఖ్యను కాపీ చేసి పెట్టుకోవడం. దాంతో ఏ పాపం తెలియనివాడి పెట్టె కూడా బ్యాన్ అయ్యే వీలుంది. అందుకే పాత పీఎస్3 కొనేటప్పుడు డబ్బు చేతికిచ్చే ముందే నెట్‌కు కలిపి, ఊరికే పెట్టుకున్న ఖాతా ఒకదానితో పీఎస్ఎన్‌లోకి సైన్ ఇన్ చేసి చూడాలి. ఆట డిస్క్ తిరిగింది కదా అని తృప్తి పడకూడదు.

కన్సోల్‌ను బ్యాన్ చేసే ఇదే పని నింటెండో స్విచ్‌లో ఎంత నీటుగా జరుగుతుందో చూస్తే పీఎస్3 లోటు అర్థమవుతుంది. 2018లో స్విచ్‌లోని టెగ్రా చిప్ బూట్ రోమ్‌లో, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే కోడ్‌లో, లోపం బయటపడింది. అది సిలికాన్‌లో ఉంది కాబట్టి అమ్మేసిన కన్సోళ్లలో అప్‌డేట్‌తో సరిదిద్దడం అసాధ్యం. పెట్టె మొత్తం ఓడిపోయినట్టే. అయినా ఒక్కో కన్సోల్‌కు ఫ్యాక్టరీలోనే విడి సర్టిఫికెట్ ఇచ్చారు, సర్వర్ అడిగేది ఆ సర్టిఫికెట్‌నే. తప్పుచేసిన కన్సోల్‌ను వేలు పెట్టి చూపినట్టు పట్టుకుంటారు.

ఇక సేవ పడిపోయినప్పుడు చేయాల్సిన పనులు. ముందు ప్లేస్టేషన్ స్టేటస్ పేజీని ఫోన్‌లో చూడండి. అక్కడ అంతా పచ్చగా ఉంటే పీఎస్3లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, ఇంటర్నెట్ కనెక్షన్ టెస్ట్ నడపండి. ఐపీ చిరునామా రాకపోతే రౌటర్ లేదా వైఫై పాస్‌వర్డ్ గొడవ. ఐపీ వచ్చి ఇంటర్నెట్ దగ్గర ఆగితే డీఎన్ఎస్ లేదా ఇంటర్నెట్ కంపెనీ. ఆ రెండూ దాటి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ వరుస ఒక్కటే ఫెయిల్ అయితే అవతలి వైపు తప్పు, రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. టెస్టు మొత్తం పాసై సైన్ ఇన్ మాత్రమే కాకపోతే ఇంకో ఖాతాతో ప్రయత్నించండి. ఆ ఖాతా పనిచేస్తే చిక్కు మీ ఖాతాది. ఏ ఖాతా ఎక్కకపోతే కన్సోల్‌ను అనుమానించాలి. తేదీ, సమయం కూడా ఒకసారి చూసుకోండి. లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి వెళ్లిపోతుంది, సర్టిఫికెట్లు చెల్లవు.

గడియారం అంటే గుర్తొచ్చింది, 2010 మార్చి 1న పాత లావు పీఎస్3లు 8001050ఎఫ్ ఎర్రర్‌తో ఒక రోజంతా పడుకున్నాయి. అప్పుడూ హ్యాకర్లనే అన్నారు. తీరా చూస్తే లోపలి గడియారం 2010ని లీపు సంవత్సరం అనుకుంది. స్లిమ్ మోడళ్లకు ఏమీ కాలేదు.

డిజిటల్ ఆటల విషయంలో సేవ ఇంకా నిరాశపరుస్తుంది. 2011 మూతలో క్యాప్‌కామ్ వారి బయానిక్ కమాండో రీఆర్మ్‌డ్ 2 లాంటివి, ఒంటరిగా ఆడే ఆటలైనా సరే, సైన్ ఇన్ లేనిదే తెరుచుకోలేదు. 2025 ఫిబ్రవరి 7 నుంచి సుమారు 24 గంటలు మళ్లీ సేవ ఆగినప్పుడూ ఇదే బాధ. లైసెన్సు కన్సోల్‌కు ముడిపడని వాళ్లు కొన్న ఆటనే ఆడలేకపోయారు. విరుగుడు ముందే వేయాలి, మూతపడ్డాక కుదరదు. పీఎస్5లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్ కిందున్న కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లేను ఎనేబుల్ చేయండి. పీఎస్4లో అకౌంట్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ప్రైమరీ పీఎస్4గా యాక్టివేట్ చేయండి. ఒక ఖాతాకు ఒక పీఎస్5, ఒక పీఎస్4 మాత్రమే. రెండో పీఎస్5 ఉంటే ఎక్కడ ఎక్కువ ఆడతారో దానికి కాదు, నెట్ నమ్మకంగా లేనిదానికి ఇవ్వండి. 2025 మూతకు సోనీ చెప్పిన కారణం ఆపరేషనల్ సమస్య, అంతే. ఇచ్చిన పరిహారం ప్లస్ అనే చందా సేవ సభ్యులకు 5 అదనపు రోజులు. 2011లో రెండు పీఎస్3 ఆటలు, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్పీకి రెండు ఆటలు, సభ్యులు కానివాళ్లకు 30 రోజుల ప్లస్ ఇచ్చారు. పరిహారం దగ్గర చెయ్యి ఇరుకైంది, నోరు మాత్రం పెగల్లేదు.

ఖాతా రక్షణకు 5 దాటి ఇవ్వలేం. 2011 మేలో సేవ తిరిగొచ్చినప్పుడు 3.61 ఫర్మ్‌వేర్‌తో పాస్‌వర్డ్ మార్పు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ అదే వారం వెబ్‌లో పెట్టిన రీసెట్ పేజీ ఈమెయిల్, పుట్టిన తేదీ ఉంటే చాలు పాస్‌వర్డ్ మార్చనిచ్చింది. దొంగల చేతికి పోయిన జాబితాలో ఉన్నవి సరిగ్గా ఆ రెండూ. పేజీని వెంటనే దించేయాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో వేరే చోట్ల దొరికిన పాస్‌వర్డ్‌లతో సోనీ సేవల్లోని దాదాపు 93,000 ఖాతాలు తెరిచారు. ఇంత జరిగినా రెండంచెల ధృవీకరణ వచ్చింది 2016లో, పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాంటి పరికరంతోనే లోపలికి రానిచ్చే పాస్‌కీ 2024లో. రెండింటిలో ఒకటి ఇవాళే పెట్టుకోండి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

పీఎస్3 ఇంకా వాడేవాళ్లు ఇక్కడ తికమకపడతారు. రెండంచెల ధృవీకరణ పెట్టాక మామూలు పాస్‌వర్డ్ అందులో చెల్లదు, ఖాతా వెబ్ పేజీలో డివైస్ సెటప్ పాస్‌వర్డ్ తయారుచేసి, దాన్నే కన్సోల్‌లో కొట్టాలి. కార్డు ముట్టుకునే పని అక్కడ లేదు. 2021 అక్టోబరు నుంచి పీఎస్3 స్టోర్ కార్డు తీసుకోవడం మానేసింది, వాలెట్‌ను వెబ్‌లోనో కొత్త కన్సోల్‌లోనో నింపుకుని రావాలి.