రోహిణి కార్తెలో అనంతపురం: ఏసీ గదికి కట్టిన డబ్బు, చాప మీద పట్టిన నిద్ర

అనంతపురం బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జిలో ఏసీ గదికి రోజుకు 2,200 రూపాయల చొప్పున రెండు గదులకు ముందుగానే చెల్లించాము. మే నెలాఖరు, రోహిణి కార్తె. గదులు చివరి అంతస్తులో ఉండడం వల్ల పగలంతా కాలిన శ్లాబు రాత్రి పది దాటినా వేడిని వదులుతూనే ఉంది. ఆ వేడిని ఏసీ తట్టుకుంటుందని నమ్మి పడుకున్న గంటలోపే గాలివాన లేచింది. వాన అనడం మర్యాదకే గాని వచ్చింది ముప్పాతిక గాలి, దుమ్ము. చినుకులు నేల తడపకముందే ఆగిపోయాయి, కరెంటు మాత్రం పోయి తెల్లవారుజాము దాకా రాలేదు. జనరేటర్ ఉన్న మాట నిజమే. అయితే అది లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే పనిచేస్తుందని, ఏసీకి కలపలేదని కిందికి దిగి అడిగితే తప్ప ఎవరూ చెప్పలేదు.

కాకినాడ నుంచి మాతో వచ్చిన మా మామగారు సహనం గల మనిషి. ఆయన కూడా ఆ రాత్రి లుంగీతోనే కౌంటరు దగ్గరికి వెళ్ళి మేనేజరును నిలదీశారు. "గాలివానకు మేమేం చేస్తాం సార్, కరెంటోళ్ళను అడగండి" అన్నాడతను, తల ఎత్తకుండానే. ఏసీ లేని గది అద్దె 1,100 అని అతని వెనక గోడ మీదే రాసి ఉంది. తేడా డబ్బు వెనక్కి ఇమ్మంటే రేపు ఓనరు వస్తారన్నాడు. ఆ ఓనరు మేము ఖాళీ చేసే వరకు రాలేదు. ఉదయం కుళాయిలో నీళ్ళు కూడా ఆగిపోయి, ట్యాంకరు వచ్చే దాకా గదికి రెండు బకెట్లు లెక్కగట్టి ఇచ్చారు. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది రూమ్‌బాయ్ ఒక్కడే. 100 రూపాయలు తీసుకుని మిద్దె మీద మూడు చాపలు వేశాడు. అక్కడ గాలి చల్లగా ఉంది. పొడి నేల పగలు ఎంత త్వరగా కాలుతుందో చీకటి పడ్డాక అంత త్వరగా చల్లారుతుంది. బయటి గాలి మారినా నాలుగు గోడల మధ్య చిక్కిన వేడి పోదు. లాడ్జి పనివాళ్ళందరూ అక్కడే పడుకుని ఉండడం చూసి మా ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ ప్రాంతం ఎందుకిలా ఉంటుందో తెలిస్తే ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి నీళ్ళన్నీ అక్కడే వదిలేసి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో ఇది సముద్రానికి మరీ దూరం. రెండింటి మధ్య చిక్కిన ఈ జిల్లాకు ఏడాది మొత్తం మీద దక్కేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మా కాకినాడ వైపు దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. ఉన్న కాస్తలోనూ పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అదీ కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. అందుకే కరువు సీమ అని పేరుపడ్డ ఊరికి వరద వస్తుందంటే కొత్తవాళ్ళు నమ్మరు గాని, 2021 నవంబరులో చిత్రావతి నది పొంగింది, 2022 అక్టోబరులో నడిమి వంక అనే వాగు పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగాయి.

లేపాక్షి, పెనుకొండ చూసిన రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. గుత్తి కోటకు మాత్రం ఒక మాట చెప్పాలి. తెల్లవారి ఐదున్నరకు మెట్లెక్కడం మొదలుపెట్టి తొమ్మిదిలోపు దిగిపోవాలి, లేదా ఆ కాలంలో అసలు వెళ్ళకూడదు. చెట్టు నీడ లేని గ్రానైటు కొండ అది. మేము దిగేటప్పటికే గోడ మీద చేయి పెట్టలేకపోయాము. అంత ఎత్తున బావులు తవ్వి, గుంటల్లో వాన నీరు పట్టి దండును నిలిపినవారికి మా లాడ్జి యజమాని కంటే నీటి విలువ బాగా తెలుసు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడికి మధ్యాహ్నం చేరుకోవడంతో ఆ గోపురం చెక్కడాల ముందు నిలబడలేక బండల మీద పరుగులు తీశాము. పక్కనే పెన్న, కనుచూపు మేర ఇసుక.

ఆ సాయంత్రమే మామగారికి తలనొప్పి, నీరసం మొదలయ్యాయి. కోస్తాలో చెమట కారితే ఒళ్ళు నీళ్ళు అడుగుతోందని తెలుస్తుంది. ఇక్కడ చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది కాబట్టి ఆయన రోజంతా ఒక సీసా కూడా తాగలేదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, మజ్జిగ కలిపి 90 రూపాయల ఖర్చుతో గండం గడిచింది గాని, పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు దాహం వేసినా వేయకపోయినా గంటకొకసారి నీళ్ళు తాగించండి.

ఆయన ముఖం మళ్ళీ విప్పారింది కళ్యాణదుర్గం దారిలో, రేకుల షెడ్డు కింద ఉన్న చిన్న హోటల్లో. రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగ) పచ్చడి, ఆకుకూర పప్పు, అడిగినంత మజ్జిగ, అన్నీ కలిపి మనిషికి 80 రూపాయలు. వడ్డించిన పెద్దాయనకు నాలుగెకరాల చెనిక్కాయ సాగు ఉందట. ముంగారు (తొలకరి) పదును దొరికితే జూన్, జులైలలో విత్తనం వేస్తారని, పూత తరువాత ఊడలు నేలలోకి దిగే వేళకు నేల మెత్తగా ఉండాలని, సరిగ్గా అప్పుడే మూడు వారాలు వాన లేక బెట్ట వస్తే చెట్టు పచ్చగా కనిపించినా కింద కాయ ఉండదని ఆయన ఓపికగా వివరించాడు. జీడిపల్లి జలాశయం దాకా కృష్ణా నీళ్ళు వచ్చాయి కదా అని మామగారు అడిగితే, "వచ్చినాయి సామీ, మా మిట్టకు మాత్రం మబ్బే దిక్కు" అన్నాడు. ఈ ప్రయాణం మొత్తానికి ధర చూసి సంతోషించింది ఆ భోజనానికే.

కారుకు రోజుకు 3,500 ఇచ్చాము. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఆపి ఉంచినా అంతే తీసుకుంటారు, కాబట్టి వేసవిలో సగం డబ్బు నీడలో నిలిపిన బండికే పోతుంది. తప్పనిసరిగా ఆ నెలల్లోనే వెళ్ళాలంటే బస హిందూపురంలో పెట్టుకోండి. అనంతపురం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 600 మీటర్లకు పైన ఉంది, ఆ తేడా రాత్రిపూట తెలుస్తుంది. అక్కడ 1,200 రూపాయల గదిలో ఫ్యాను కిందే మామగారు హాయిగా నిద్రపోయారు. ఎక్కడ దిగినా పై అంతస్తు వద్దనండి, జనరేటరుకు ఏసీ కలిపి ఉందా అని అడిగిన తరువాతే డబ్బు కట్టండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ తగ్గుతుంది గాని గాలి ఆగదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

నా మటుకు నేను చెప్పే కాలం అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. వానలు పడిన ఏడాదైతే చెరువుల్లో నీళ్ళుంటాయి, మధ్యాహ్నం కూడా గుడి ప్రాంగణంలో నిలబడి స్తంభాలను తీరిగ్గా చూడవచ్చు. వీరాపురం అనే ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల కోసమైతే జనవరి తరువాత వెళ్ళాలి. నవంబరులో మాత్రం 23వ తేదీ చుట్టూ ఉన్న వారాన్ని వదిలేయండి. సత్యసాయి జయంతికి వచ్చే జనంతో పుట్టపర్తి, ధర్మవరం వైపు మంచి గది దొరకడం కష్టం, దొరికినా ఆ రోజుల్లో అడిగినంత ఇచ్చుకోవలసిందే.