జేడ్ కంకణం బాగుంది, పత్రం చాలదు

సహజ జేడైట్ (జేడ్ పేరుతో అమ్మే రాళ్లలో ఒక రకం) అని అమ్మిన ఈ ఆకుపచ్చ కంకణం చూపుకు బాగుంది. దాని చల్లదనం, బరువు కూడా నమ్మకం కలిగిస్తాయి. అయితే ఆమ్లంతో మరకలు తొలగించి, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ నింపిన ‘బి’ రకం రాయి కూడా చేతికి ఇంచుమించు ఇలాగే తగులుతుంది కనుక, స్పర్శను ఆధారంగా చేసుకుని తీర్పు చెప్పలేము. నీటిలో తూచి లెక్కించిన సాపేక్ష సాంద్రత (నీటికంటే ఎన్ని రెట్లు బరువో) సుమారు 3.3 రావడం వల్ల, ఇది జేడ్‌లా కనిపించే తేలికైన రాళ్లయిన సర్పెంటైన్ గానీ, రంగు వేసిన క్వార్ట్జైట్ గానీ కాదని చెప్పవచ్చు. భూతద్దంలో పగుళ్ల వెంట రంగు పేరుకున్న జాడ కనబడలేదు. కత్తితో గీసి చూడమనే సలహా మాత్రం వ్యర్థం, ఎందుకంటే క్వార్ట్జైట్ కూడా కత్తికి లొంగదు. పాలిమర్ సంగతిని నమ్మకంగా తేల్చేది పరారుణ వర్ణపట పరీక్ష. కంకణంతో ఇచ్చిన ధ్రువపత్రంలో దాని ప్రస్తావనే లేదు. ‘ఎ’ రకమని, అంటే ఆమ్లం, పాలిమర్, రంగు ఏవీ వాడని రాయి అని, ప్రయోగశాల రాసి ఇస్తే తప్ప, ఆ స్థాయి ధర చెల్లించడం సమంజసం కాదు.