హాఫ్ ఇంచ్ రాచెట్ హ్యాండిల్, 72 పళ్ళది: ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్నా

విజయవాడ ఆటోనగర్లో కార్లు, చిన్న ట్రక్కులు రిపేర్ చేసే షెడ్డు మాది. రాచెట్ అంటే నట్లు, బోల్టులు బిగించి విప్పే పనిముట్టు, నట్టు మీద కూర్చునే గిన్నెలాంటి సాకెట్‌ని దీని తలకున్న చదరం ముక్కకి తగిలిస్తాం, హాఫ్ ఇంచ్ అనేది ఆ ముక్క కొలతే. ఈ రాచెట్ కొని చాలా ఏళ్ళయింది, పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా చేతిలో ఉండేదే, అందుకని డబ్బా మీద రాసినవి వదిలేసి వాడితే తెలిసేవి చెప్తా.

ముందు లోపలేముందో తెలియాలండి, అది తెలిస్తేనే ఏది ఎందుకు మంచిదో అర్థమవుద్ది. తలకాయకి ఉన్న స్క్రూలు విప్పితే ఒక పళ్ళ చక్రం, ఆ పళ్ళని పట్టుకునే చిన్న ఉక్కు ముక్క, దాన్నే పాల్ అంటారు, దాని వెనక ఒక స్ప్రింగు, ముఖ్యమైన సరంజామా ఇంతే. బిగించేవైపు తోస్తే పాల్ పళ్ళలో ఇరుక్కుని చక్రాన్నీ సాకెట్‌నీ నట్టునీ కలిపి తిప్పుద్ది, వెనక్కి లాగితే స్ప్రింగుని నొక్కుకుంటూ ఒక పన్ను మీంచి ఇంకో పన్నులోకి జారుద్ది, ఆ టకటక చప్పుడు అదే. సైకిల్ ఫ్రీవీల్లో కూడా ఇదే పని, కాకపోతే అక్కడ చక్రం ఒకవైపే పట్టుకుంటే చాలు కాబట్టి పళ్ళు ఒక పక్క వాలుగా, ఇంకో పక్క నిటారుగా ఉంటాయి. మనకేమో బిగించడానికీ విప్పడానికీ ఒకటే పనిముట్టు కావాలి, అందుకే దీంట్లో పళ్ళు రెండు పక్కలా ఒకేలా కోస్తారు, వెనకున్న లివర్ తిప్పితే పాల్ ఇటు చివర వదిలి అటు చివరతో పట్టుకుంటది.

ఇక 72 పళ్ళంటే ఏంటి లాభం. 360ని 72తో భాగిస్తే 5, అంటే హ్యాండిల్ 5 డిగ్రీలు కదిలితే చాలు తర్వాతి పన్ను దొరుకుద్ది. ఇంతకుముందు నా దగ్గర ఉన్న 24 పళ్ళదానికి 15 డిగ్రీలు కావాలి. బయట టేబుల్ మీద పని చేస్తే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు గానీ, ఇంజన్ వెనకాల స్టార్టర్ మోటార్ పై బోల్టు దగ్గర చెయ్యే దూరడం కష్టం, అక్కడ 15 డిగ్రీల ఊపుకి చోటేదండీ, పాతదాంతో ఆ బోల్టు విప్పాలంటే పక్కనున్న పైపులన్నీ ఊడదీయాల్సొచ్చేది, దీంతో తీయకుండానే అయిపోతోంది, నాకు ఈ ఒక్క పనికే డబ్బులు వచ్చేసినట్టు.

పన్ను చిన్నదైతే బలం తగ్గదా అని చాలామంది అడుగుతారు. ఒక్కో పన్ను చిన్నదే, నిజం, అందుకే మంచివాటిలో పాల్‌కి కూడా వరసగా పళ్ళుంటాయి, బరువు ఒకదాని మీదే పడకుండా అన్నీ పంచుకుంటాయి. నాది ఇప్పటిదాకా ఒక్కసారి కూడా జారలేదు. అయితే దాన్ని నేను జామైన నట్టు మీద పెట్టను, తుప్పు పట్టిన వీల్ నట్టుని ముందు పవర్ బార్‌తో, అంటే లోపల పళ్ళూ పాలూ లేని పొడుగాటి కడ్డీతో కదిలించి ఆ తర్వాతే రాచెట్. పక్క షెడ్డు కుర్రాడు వేరే రాచెట్‌కి పైపు తొడిగి గట్టిగా తొక్కాడు, పాల్ అంచు విరిగి హ్యాండిల్ ఒక్కసారిగా జారి చెయ్యి ఛాసిస్‌కి కొట్టుకుంది, వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది పాపం.

నచ్చనిది ఒకటుంది. నట్టు బాగా వదులయ్యాక హ్యాండిల్ వెనక్కి లాగితే నట్టు కూడా దాంతోపాటే వెనక్కి వస్తది, ఎందుకంటే పాల్ జారడానికి కావాల్సిన ఆ కాస్త బలం కూడా నట్టు మరల మీద బిగువు కంటే ఎక్కువైపోద్ది. అప్పుడు సాకెట్‌ని రెండు వేళ్ళతో పట్టుకోవాలి, లేదా చేత్తోనే తిప్పేసుకోవాలి. ఇది అన్ని రాచెట్లలోనూ కొంచెం ఉంటది, లోపల చిక్కటి గ్రీజు కూరితే ఇంకా ఎక్కువవుద్ది, పైగా గ్రీజులో మన ఊరి దుమ్ము కలిసి ముద్దగా మారితే స్ప్రింగు పాల్‌ని టైముకి తొయ్యలేదు, అది సగం పంటి మీదే ఆగితే లోడు పడ్డప్పుడు జారేది అక్కడే. నేను అప్పుడప్పుడు విప్పి డీజిల్‌తో కడిగి, పల్చటి ఆయిల్ రెండు చుక్కలేసి మూసేస్తా.

ఇదంతా ఎందుకు ఇంత పట్టించుకుంటున్నానంటే మా షెడ్డులో ప్రాణం ఈ పాల్ మీదే ఉంటది. ఇంజన్ ఎత్తే చైన్ బ్లాకులో టక్కుటక్కుమనేదీ పాలే, దానికి తోడు బ్రేకు పళ్ళేలు ఉంటాయి కాబట్టే గొలుసు వదిలేసినా ఇంజన్ కింద పడదు. కారు హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు వినిపించేదీ అదే, చివరున్న బటన్ నొక్కితే పాల్ పైకి లేస్తది. మెషిన్లు మోసే ట్రైలర్లకి కట్టే రాచెట్ బెల్టు కూడా అంతే, లాగినంత లాగాక మళ్ళీ వెనక్కి రానివ్వదు.

కొనేవాళ్ళు షాపులోనే సాకెట్ తగిలించే చదరం ముక్కని రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని హ్యాండిల్ వెనక్కి తిప్పి చూడండి, వేళ్ళలో అది ఆగి ఉండి హ్యాండిల్ మాత్రం టకటకమంటూ పోతే మంచిది, వేళ్ళని కూడా లాక్కెళ్తే వేరేది అడగండి. తల స్క్రూలతో విప్పుకునే రకమే తీసుకోండి, రివెట్ కొట్టింది వద్దు. స్ప్రింగు, పాల్ విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి, నేను స్ప్రింగు ఒకసారి మార్చుకున్నా, చక్రం మాత్రం ఇంకా మొదటిదే.