వైన్ సీసాకు చోటేది: అటకా, బీరువానా, ఫ్రిజ్జా?

అమెరికా నుంచి వచ్చిన మా బావ పెట్టెలోంచి ఒక రెడ్ వైన్ సీసా తీసి చేతిలో పెట్టాడు. "ఐదేళ్లు దాచు బావా, పాతబడేకొద్దీ బాగుంటుంది" అన్నాడు. హైదరాబాద్‌లో మాది ఆఖరి అంతస్తు. నాన్న కంట పడకుండా ఉంటుందని అటకెక్కించాను. మే దాటాక దించి చూస్తే బిరడా పైకి తన్నుకొచ్చి, లేబుల్ మీద ఎర్రటి చార. లోపలున్నది ఉడకబెట్టిన పండ్ల నీళ్లు. స్లాబ్ పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది కదా, ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది. అటక పోటీలో లేనట్టే.

ఇక మిగిలినవి బీరువా, ఫ్రిజ్. వైన్‌కు 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలని చోటు కావాలి. బీరువాలో చీకటి ఉంది, కదలిక లేదు, చల్లదనమే లేదు. వానలు మొదలయ్యాక శివరాత్రి దాకా, ఎండ తగిలే గోడకు ఆనని చెక్క బీరువా అడుగు అర బాగానే పనిచేస్తుంది. ఏసీ గదిలో బీరువా అయితే ఇంకా మేలనిపిస్తుంది గానీ, రాత్రి 24, మధ్యాహ్నం ఆపేశాక 35 అయ్యే గది మంచిది కాదు. వేడికి వైన్ ఉబ్బుతుంది, చల్లబడితే కుంచించుకుని బిరడా పక్క నుంచి గాలి పీల్చుకుంటుంది. ఏసీ లేకపోయినా రాత్రీ పగలూ 26 దగ్గరే ఉండే గది దీనికంటే నయం. సీసాను థర్మాకోల్ పెట్టెలో పెట్టి మూతేస్తే ఈ ఎగుడుదిగుళ్లు కొంత తగ్గుతాయి.

తడిగుడ్డ చుట్టి కుండ నీళ్లలా చల్లబరచొచ్చు కదా అంటారా? హైదరాబాద్ పొడి ఎండలో కొంత పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో గుడ్డ ఆరితేగా! ఎక్కడైనా లేబుల్ మాత్రం బూజు పడుతుంది.

మార్చి నుంచి జూన్ దాకా నా ఓటు ఫ్రిజ్‌కే. అక్కడ 4 డిగ్రీల దగ్గర వైన్ చెడదు, దాని ఎదుగుదల నెమ్మదిస్తుంది, అంతే. ఏళ్ల తరబడి ఉంచితే పొడి గాలికి బిరడా ఎండిపోతుంది గానీ, నాలుగు నెలలకు భయం లేదు. తలుపు అరలో మాత్రం వద్దు, రోజుకు యాభైసార్లు ఊగుతుంది. కూరగాయల డబ్బాలో తేమ కాస్త ఎక్కువ, బిరడా తడిగా ఉండేలా సీసాను అడ్డంగా పడుకోబెట్టొచ్చు కూడా. తిప్పే మూత సీసాలను నిలబెట్టినా ఫర్వాలేదు. వైట్ వైన్ అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కనిపిస్తే పారబోయకండి, అవి ద్రాక్షలోని ఆమ్లం గడ్డకట్టిన స్ఫటికాలు. రెడ్ వైన్‌ను తాగే ముందు అరగంట బయట ఉంచితే చాలు.

బావ చెప్పిన ఐదేళ్ల మాటకొస్తే, మనం మామూలుగా కొనే సీసాలు ఏడాది, రెండేళ్లలో తాగడానికి చేసినవే. ఈసారి ఆయన తెచ్చింది వంకాయల కింద పడుకుని ఉంది. కొత్తిమీరకు చోటు లేదని మా ఆవిడ గొడవ. దసరాకు ఖాళీ చేస్తానని ఒప్పుకున్నాను.