పై అంతస్తుకు వైఫై: రిపీటరా, మెష్‌ సెట్టా, లాన్‌ కేబులా – ఏది మేలు?

"కింద హాల్లో నెట్‌ బాగానే వస్తోంది, మేడమీద గదిలో మాత్రం వీడియో తిరుగుతూనే ఉంటుంది, ఏం కొనమంటారు?" అన్న ప్రశ్న ఈ ఏడాది నన్ను బంధువులలోనే నలుగురైదుగురు అడిగారు. ఇంటినుంచి ఉద్యోగం చేసేవారు, పిల్లల ఆన్‌లైన్‌ పాఠాల కోసం పై గదిని కేటాయించినవారు ఈ ఇబ్బంది ఎక్కువగా పడుతున్నారు. మా ఇంట్లోనూ ఇదే సమస్య ఉండేది. మొదట రిపీటర్‌ (రూటర్‌ సిగ్నల్‌ను అందుకొని మళ్లీ ముందుకు పంపే చిన్న పెట్టె) కొని, ఆరు నెలలు దానితో కుస్తీ పట్టి, చివరకు కేబుల్‌ లాగించుకున్నాను. మిత్రుల ఇళ్లలో మెష్‌ సెట్లు (ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల జట్లు) రెండింటిని అమర్చి చూసిన అనుభవం కూడా ఉంది కనుక, ఈ మూడింటిలో ఏది ఎవరికి తగునో ఒకచోట రాయడం మంచిదనిపించింది.

కొనుగోలుకు ముందు చేయవలసిన పని ఒకటుంది. ఫైబర్‌ బిగించడానికి వచ్చిన కుర్రవాడు తనకు వీలైన చోట, అంటే సాధారణంగా వీధి గుమ్మం పైనో టీవీ వెనుకనో, రూటర్‌ పెట్టెను తగిలించి వెళ్లిపోతాడు. దానిని ఇంటి నడుమకు, వీలైతే మెట్ల గదికి దగ్గరగా, ఇనుప బీరువాకూ నిలువుటద్దానికీ దూరంగా జరిపించుకుంటే కొన్ని ఇళ్లలో సమస్య అక్కడితోనే తీరిపోతుంది. ఆపరేటర్‌ను అడిగితే కాస్త అదనపు ఫైబర్‌ తీగతో ఈ పని చేసిపెడతారు. అప్పటికీ తీరకపోతేనే మిగతా చర్చ.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఒక్కటే: మేడమీద పెట్టే రెండో పెట్టెకు నెట్‌ ఏ దారిన చేరుతోంది? పెట్టె కంపెనీ, దాని యాంటెనాల సంఖ్య, డబ్బామీద అచ్చేసిన వేగం ఇవన్నీ ఆ తరువాతివే. మన ఇళ్లకు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు స్లాబు ఉంటాయి. వైఫైలో వేగవంతమైన 5 గిగాహెర్ట్జ్‌ తరంగం ఆ స్లాబును దాటేసరికి నీరసించిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్‌ తరంగం దాటుతుంది కానీ, దానిలో ఒకదానితో ఒకటి ఢీకొనకుండా వాడదగిన చానళ్లు 1, 6, 11 అనే మూడే కాబట్టి, చుట్టుపక్కల ఇళ్లవారందరితోనూ వాటిని పంచుకోవాలి. కాలువ చివరి ఆయకట్టులో ఎంత పెద్ద మోటారు బిగించినా అక్కడికి చేరిన నీటినే తోడగలదు గదా. రెండో వైఫై పెట్టె పరిస్థితీ అంతే.

ఈ కొలతతో చూస్తే రిపీటర్‌ బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. చవకైన రిపీటర్లలో ఒకే రేడియో ఒకే చానల్‌పై రూటర్‌నుంచి వినాలి, విన్నదానిని మళ్లీ ఫోనుకు పలకాలి. ఒకే సమాచారం గాలిలో రెండుసార్లు ప్రయాణించవలసి రావడంతో వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్‌ రెండూ ఉన్న) రిపీటర్లు ఒక బ్యాండులో విని మరొక బ్యాండులో పలకగలవు కనుక కొంత మేలు. అయితే స్లాబు అడ్డు మాత్రం అలాగే ఉంటుంది. మా ఇంట్లో 200 ఎంబీపీఎస్‌ ప్లాను ఉండగా, పై గదిలో రిపీటర్‌ పెట్టిన తరువాత వచ్చిన వేగం 35 దాటలేదు. విచిత్రమేమిటంటే ఫోనులో సిగ్నల్‌ గీతలు మాత్రం నిండుగా కనిపించేవి, ఎందుకంటే అవి ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య దూరాన్ని చూపుతాయే తప్ప రిపీటర్‌కు రూటర్‌నుంచి ఏమి అందుతోందో చెప్పవు. చాలామంది నాలాగే సిగ్నల్‌ లేని గదిలో రిపీటర్‌ తగిలిస్తారు. దానిని సిగ్నల్‌ ఇంకా బాగున్న చోట, ఉదాహరణకు మెట్ల మలుపులో, పెట్టాలి. అలా పెడితే వార్తలు చదవడానికి, యూపీఐ చెల్లింపులకు, పాటలు వినడానికి సరిపోతుంది. వీడియో కాల్‌ మీద జీవనం సాగించేవారికి సరిపోదు.

మెష్‌ సెట్టు దీనికన్నా మర్యాదస్తురాలు. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే ఆప్‌ కింద పనిచేస్తాయి. మెట్లెక్కుతున్నప్పుడు దగ్గరి పెట్టెకు మారమని ఫోనుకు సూచన అందుతుంది, మారాలా వద్దా అన్న నిర్ణయం ఫోనుదే అయినా చాలాసార్లు మారుతుంది. గోడ పగలగొట్టడం, మేస్త్రీని పిలవడం వంటివి ఉండవు. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి ఈ సౌలభ్యం చిన్నది కాదు. కానీ మెష్‌ అనే పేరు వినగానే స్లాబు కరిగిపోతుందనుకోవడం పొరపాటు: పెట్టెల మధ్య సంభాషణ గాలిలోనే జరుగుతున్నంతకాలం, రెండు బ్యాండ్ల మెష్‌ సెట్టుకు కూడా రిపీటర్‌కున్న అడ్డంకే ఉంటుంది. పెట్టెల మధ్య మాటలకోసం విడిగా మూడో బ్యాండు ఉన్న సెట్లు బాగా పనిచేస్తాయి, ధరా అలాగే ఉంటుంది. మరొక చిక్కు ఏమిటంటే, ఆపరేటర్‌ ఇచ్చిన పెట్టె అప్పటికే రూటర్‌గా పనిచేస్తుండగా మెష్‌ కూడా రూటర్‌గా మొదలైతే ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడి, కింది ప్రింటర్‌ పై ల్యాప్‌టాప్‌కు కనిపించకుండా పోతుంది. మెష్‌ను ఆప్‌లో యాక్సెస్‌ పాయింట్‌ మోడ్‌కు (రూటర్‌ పని మాని వైఫైని మాత్రమే పంచే పద్ధతికి) మార్చి, పాత పెట్టెలోని వైఫైని ఆపేయడం దీనికి విరుగుడు.

ఇక మూడో మార్గం, అంటే కింది పెట్టెనుంచి పై గదికి లాన్‌ కేబుల్‌ లాగి, దాని చివర సాధారణ రూటర్‌నే యాక్సెస్‌ పాయింట్‌గా పెట్టడం. నేను చేసింది ఇదే. ఇప్పుడు పై గదిలో వేగం 190కి తగ్గడం లేదు. "తీగ ఎలా లాగుతాం, గోడలన్నీ పాడవుతాయి" అని అందరూ వెంటనే అంటారు కానీ, పది పదిహేనేళ్ల కిందటి మన ఇళ్లలో కేబుల్‌ టీవీకో డిష్‌కో డాబామీదినుంచి హాలుకు వేసిన పైపు ఒకటి ఉంటుంది. అందులోని పాత తీగను ఇప్పుడు చాలా ఇళ్లలో ఎవరూ వాడడం లేదు. ఆ తీగ చివరకు కొత్త కేబుల్‌ను గట్టిగా కట్టి, అవతలివైపునుంచి లాగితే పాతది బయటికి, కొత్తది లోపలికి వచ్చేస్తుంది. మా ఎలక్ట్రీషియన్‌ గంటలో ముగించాడు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం లాన్‌ కేబుల్‌ను దూర్చనివ్వకూడదు. అది ప్రమాదం, పైగా సిగ్నల్‌కూ ఆటంకం.

కేబుల్‌ ఎంపికలో హడావుడి అక్కర్లేదు. క్యాట్‌ 5ఇ రకమైనా 100 మీటర్ల దూరం వరకు ఒక గిగాబిట్‌ వేగాన్ని మోస్తుంది, క్యాట్‌ 6 కొంటే భవిష్యత్తుకు ఇంకాస్త వెసులుబాటు. చూడవలసింది లోపలి లోహం. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్‌ చవకగా దొరుకుతుంది. అది మలుపుల దగ్గర తెగుతుంది. దుకాణంలోనే తీగ కొసను బ్లేడుతో గీకి, తెల్లగా కనిపిస్తే తిరిగి ఇచ్చేయాలి. కేబుల్‌లోని ఎనిమిది తీగలూ సరిగా కలిస్తేనే గిగాబిట్‌ వస్తుంది, నాలుగు కలిసినా 100 వస్తుంది గనుక లోపం బయటపడదు. పెద్ద ప్లాను ఉండి కూడా వేగపరీక్ష ప్రతిసారీ 93, 94 దగ్గరే ఆగిపోతుంటే, కనెక్టర్‌లో ఒక జత సరిగా పడలేదనో, రూటర్‌ పోర్టులే 100 రకమనో అర్థం. కొత్త రూటర్‌ కొనేటప్పుడు గిగాబిట్‌ పోర్టులున్నాయా అని అడగడం అందుకే.

సెట్టింగుల విషయానికి వస్తే, రూటర్‌లో యాక్సెస్‌ పాయింట్‌ మోడ్‌ ఉంటే దానిని ఎంచుకోవడంతో పని పూర్తవుతుంది. పాత రూటర్లలో అది లేకపోతే మూడు మార్పులు మన చేతితో చేయాలి. మొదట దానిని ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, దాని చిరునామాను కింది పెట్టె వరుసలోకి మార్చాలి: కిందిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు, ఆ సంఖ్యను కింది పెట్టె ఫోన్లకు పంచకుండా దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకు చిరునామాలు పంచే ఏర్పాటు) వరుస 192.168.1.10 నుంచి మొదలయ్యేట్టు చూసుకోవాలి. చిరునామా మార్చగానే పాత సెట్టింగుల పేజీ తెరుచుకోదు, కంగారుపడకుండా కొత్త సంఖ్యను టైపు చేయాలి. తరువాత పై రూటర్‌లోని డీహెచ్‌సీపీని ఆపేయాలి. ఇది మరిచిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు చిరునామాలు పంచుతూ, కొన్ని ఫోన్లలో వైఫై ఉన్నా నెట్‌ రాని వింత తలెత్తుతుంది. చివరగా కిందినుంచి వచ్చిన కేబుల్‌ను వాన్‌ పోర్టులో (బయటినుంచి వచ్చే నెట్‌కు కేటాయించిన రంధ్రంలో) కాక లాన్‌ పోర్టులలో ఒకదానిలో పెట్టాలి. మా ఇంట్లో ఎవరూ పొరబడకుండా వాన్‌ పోర్టుకు టేపు అంటించి ఉంచాను.

వైఫై పేరు, పాస్‌వర్డ్‌, భద్రతా రకం రెండు పెట్టెలలోనూ ఒకేలా పెట్టి, 2.4 చానళ్లను మాత్రం కింద 1, పైన 6 లేదా 11 అని వేరు చేయాలి. అయినప్పటికీ కొన్ని ఫోన్లు మేడ ఎక్కిన తరువాత కూడా కింది పెట్టెనే పట్టుకొని వేలాడతాయి. ఈ ఒక్క విషయంలో మెష్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి, కింది 2.4 రేడియో శక్తిని మధ్యస్థాయికి తగ్గిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. డబ్బుకు వెనుకాడనివారు మెష్‌ సెట్టునే కొని, పెట్టెలను కేబుల్‌తో కలుపుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి. వెనుక లాన్‌ పోర్టున్న మెష్‌ పెట్టెలు చాలావరకు దీనికి అంగీకరిస్తాయి.

కేబుల్‌ను ఇంటి బయట గోడమీదుగా తీసుకెళ్లాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఎండకు మామూలు కేబుల్‌ తొడుగు పగిలిపోతుంది, వేసవి చివర ఉరుములు మెరుపులతో పడే వానల్లో దగ్గరలో పిడుగు పడితే ఆ రాగి తీగ వెంబడి విద్యుత్తు వచ్చి రెండు పెట్టెలూ కాలిపోవచ్చు. లోపలి దారి దొరకనప్పుడు, ఆపరేటర్‌ చేత ఫైబర్‌నే పైకి వేయించి పెట్టెను అక్కడికి మార్చడం మేలు.

కరెంటు తీగలమీదుగా నెట్‌ పంపే పవర్‌లైన్‌ అడాప్టర్లనూ కొందరు అడుగుతుంటారు. మూడు ఫేజుల మీటరుండి, పై అంతస్తు వేరే ఫేజుమీద ఉన్న ఇంట్లో అవి సరిగా పనిచేయవు. రెండో కనెక్షన్‌ తీసుకోవడం పైన అద్దెకిచ్చినవారికి తప్ప దండగ.

అద్దె ఇంట్లో ఉంటూ, యజమాని మేకు కొట్టనివ్వని పరిస్థితిలో ఉన్నవారు మెష్‌ తీసుకోవచ్చు, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్లవచ్చు. రెండో పెట్టెను మెట్ల దగ్గర పెట్టండి. సొంత ఇల్లయి, పాత టీవీ పైపు ఖాళీగా ఉంటే కేబుల్‌ తప్ప మరొకటి నేను చెప్పను. రిపీటర్‌ ఇప్పటికే కొన్నవారు దానిని పారేయనవసరం లేదు; చాలా రకాలకు అడుగున లాన్‌ పోర్టు ఉంటుంది, యాక్సెస్‌ పాయింట్‌ మోడ్‌ కూడా ఉంటే దానికే కేబుల్‌ తగిలించండి. ఇల్లు కట్టిస్తున్నవారయితే ప్లాస్టరింగ్‌ మొదలుకాకముందే ప్రతి అంతస్తుకూ ఒక అంగుళం పైపు కరెంటు పైపులకు వేరుగా వేయించి, లోపల ఒక నైలాన్‌ తాడు వదిలేయమని మేస్త్రీకి ఇప్పుడే చెప్పండి.