పిన్‌కోడ్ పద్ధతా, ఎస్‌టీడీ కోడ్ పద్ధతా: ఏది మేలు?

డేటా కంప్రెషన్ (కంప్యూటర్ సమాచారాన్ని తక్కువ చోటులో కుదించడం) పాఠంలో ప్రిఫిక్స్ కోడ్ అనంగానే చానామంది పిల్లకాయలు బెదిరిపోతారు గానీ, మన నెల్లూరు, ఒంగోలు వాళ్లం ల్యాండ్‌లైన్ రోజుల నుంచీ వాడుతున్నదే అది. ఎస్‌టీడీ కోడ్, అంటే వేరే ఊరికి ఫోన్ చేసేటప్పుడు నంబర్‌కి ముందు కొట్టే ఊరి కోడ్, అందులో ముందుండే సున్నా తీసేస్తే నెల్లూరు 861, ఒంగోలు 8592, హైదరాబాదు 40. ఒకటి మూడంకెలు, ఒకటి నాలుగు, ఒకటి రెండు, మధ్యలో గీత లేదు ఖాళీ లేదు, అయినా కోడ్ యాడ అయిపోయిందో ఎక్స్ఛేంజికి తెలిసిపోతుంది. ఎట్టాగంటే, 861 నెల్లూరుకి ఇచ్చేశాక 8610 నుంచి 8619 దాకా ఇంకే ఊరికీ ఇవ్వరు. గూడూరుకి 8624, కావలికి 8626 ఇచ్చారు కాబట్టి ఉత్త 862 ఎవరికీ ఉండదు. ఒక కోడ్ ఇంకో కోడ్‌కి మొదటి ముక్క కాకూడదు, ప్రిఫిక్స్ కోడ్ రూలంతా ఇంతే.

దీనికి పోటీ పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న వచ్చింది, నెల్లూరు 524001, ఒంగోలు 523001, ఏ ఊరైనా ఆరంకెలే. మూడోది ఇంటి నంబర్ల పద్ధతి, మధ్యలో గీతలు పెట్టుకోవడం. గీతలు తీసేస్తే 2-11-5 కూడా 2115నే, 21-1-5 కూడా 2115నే, అందుకే దీన్ని నేను లెక్కలోకే తీసుకోను.

అసలు పోటీ మొదటి రెండిటికే. ఒక రైసు మిల్లుకి నాలుగు రకాల వడ్లు వస్తున్నాయి అనుకోండి, లారీల్లో సగం నెల్లూరు మసూరి, పావు వంతు బీపీటీ, మిగతా రెండు రకాలు చెరి అరపావు. పిన్‌కోడ్ మాదిరి అన్నిటికీ సమానంగా ఇస్తే 00, 01, 10, 11, అంటే వెయ్యి లారీలకి 2000 బిట్లు (బిట్ అంటే ఒక 0 గానీ ఒక 1 గానీ). ఎస్‌టీడీ మాదిరి ఎక్కువ వచ్చేదానికి పొట్టి కోడ్ ఇస్తే మసూరి 0, బీపీటీ 10, మిగతావి 110, 111, అప్పుడు 1750 బిట్లతో సరిపోతుంది. కానీ నాలుగు రకాలూ సమానంగా వచ్చే మిల్లులో ఇవే కోడ్‌లు వాడితే 2250 అవుతాయి, అంటే తిరిగి నష్టమే. ఏది ఎంత వస్తుందో చూసుకుని, అన్నిటికంటే తక్కువ వచ్చే రెండిటిని జత కట్టుకుంటూ కింద నుంచి పైకి పోతే అన్నిటికంటే పొదుపైన కోడ్ వస్తుందని కనిపెట్టింది డేవిడ్ హఫ్‌మన్. 1951లో ఎంఐటీలో చదువుకుంటూ, క్లాసులో రాయాల్సిన పేపర్ కోసం చేసిన పని అది, మరుసటేడు అచ్చయింది. వాళ్ల సారు ఫానో పై నుంచి కిందికి విడగొట్టుకుంటూ వచ్చిన చోట ఈ కుర్రాడు తిరగేసి ఆలోచించాడు చూడండి, అది నాకు చానా గొప్పగా అనిపిస్తుంది. ఈరోజుకీ జిప్ ఫైళ్లలో, జేపెగ్ ఫోటోల్లో ఆ కోడ్‌లే.

అట్టని ఎప్పుడూ అదే మేలని అనలేం. మసూరి, బీపీటీ, మూడో రకం వరసగా వస్తే 010110. అందులో మొదటి బిట్ పాడైతే 110110, అంటే మూడో రకం లారీలు రెండు! మూడు లారీలు రెండయిపోయాయి. అదే సమాన కోడ్‌లో ఒక బిట్ పాడైతే ఆ ఒక్క లారీ రకమే తప్పుతుంది, లెక్క తప్పదు. పిన్‌కోడ్‌లో ఒక అంకె మర్చిపోయినా ఐదే ఉన్నాయని ఎవరైనా పట్టేస్తారు. అందుకే మనిషి చేత్తో రాసేదానికి, ఫోన్లో చెప్పేదానికి నా ఓటు పిన్‌కోడ్ పద్ధతికే, మిషను మిషనుతో మాట్లాడుకునేదానికి హఫ్‌మన్‌కే.

ఎస్‌టీడీ వాళ్లు రెండిటినీ కలిపారు, అది తెలివైన పని. హైదరాబాదులో కోడ్ రెండు నంబర్ ఎనిమిది, నెల్లూరులో మూడు ఏడు, ఒంగోలులో నాలుగు ఆరు, ఎట్టా చూసినా మొత్తం పదే. ఫోన్లు ఎక్కువుండే ఊరికి పొట్టి కోడ్, పైగా ఒక అంకె జారితే తొమ్మిదే అని తెలిసిపోతుంది.

కంప్యూటర్లో తెలుగు దాచే యూటీఎఫ్-8 కూడా ఇట్టాంటిదే, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ చేశారు. మొదటి బైట్ (ఎనిమిది బిట్లు) చూస్తే ఇంకెన్ని బైట్లు రావాలో తెలుస్తుంది, తర్వాతవన్నీ 10తోనే మొదలవుతాయి, అందుకని మధ్యలో ఒకటి పోయినా ఒక్క అక్షరమే పోతుంది. బాధల్లా ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, మన క, మ, చివరికి గుడి, కొమ్ము కూడా ఒక్కోదానికి మూడు బైట్లు. అయితే ఆ మూడింట్లో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి, కాబట్టి జిప్ చేస్తే ఆ నష్టం చానావరకు తిరిగొచ్చేస్తుంది.