గృహహింసకు గురైన పురుషుడిగా రెండున్నరేళ్ల కౌన్సెలింగ్: నా సమీక్ష

హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర 2022 నవంబరు నుంచి రెండున్నరేళ్ల పాటు నేను తీసుకున్న కౌన్సెలింగ్ గురించి రాస్తున్నాను. ఆరేళ్ల కాపురంలో భార్య చేతి దెబ్బలు, నా జీతం నా చేతికి రాకపోవడం, అమ్మతో ఫోనులో మాట్లాడాలన్నా భయపడటం అలవాటైపోయిన స్థితిలో అక్కడికి వెళ్లాను.

అంతకుముందు వెళ్లిన వేరొక కేంద్రంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆవిడ కొట్టేదాకా మీరేం చేశారు?" అని. రెండో వారమే మా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. అక్కడ నోరు విప్పి చెప్పిన ప్రతి మాటకూ ఆ రాత్రి ఇంట్లో శిక్ష అనుభవించాను. హింస ఇంకా సాగుతున్నప్పుడు దంపతులకు ఉమ్మడి కౌన్సెలింగ్ ఎంత ప్రమాదకరమో అలా తెలిసింది.

ఈ సైకాలజిస్టు అనుసరించేది ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్ అనే పద్ధతి, అంటే మనిషి మనసుకు తగిలిన గాయాన్ని దృష్టిలో పెట్టుకుని నడుచుకునే చికిత్స. అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో దీనికి ఆరు సూత్రాలు చెప్పింది, వాటిలో మొదటిది భద్రత. ఆచరణలో అది చాలా చిన్న విషయాల్లో కనిపించింది: తలుపు వేయమంటారా, కొంచెం తెరిచి ఉంచమంటారా అని అడగడం, గుర్తుచేసే మెసేజ్ క్లినిక్ పేరు లేకుండా ఆఫీసు వేళల్లోనే పంపడం వంటివి. మొదటి రెండు నెలల్లో, ఇంట్లో జరిగిన సంఘటనల వివరాలు సైకాలజిస్టు అడగనే లేదు. ఆ కాలమంతా ఆధార్, సర్టిఫికెట్ల నకళ్లు తమ్ముడి ఇంటికి చేర్చడం, గొడవ ముదిరితే ఏ దారిన బయటపడాలో ముందే అనుకోవడం వంటి పనులకే సరిపోయింది.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది, ఆ క్షణాల్లో నేను చేయి కూడా ఎందుకు అడ్డుపెట్టలేకపోయానన్న ప్రశ్నకు దొరికిన జవాబు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం తిరగబడటమో పారిపోవడమో మాత్రమే కాదు, కొయ్యబారిపోవడం కూడా చేస్తుందని, అది మన ఇష్టంతో జరిగేది కాదని ఆమె వివరించారు. "మగాడివై ఉండి" అన్న మాట విన్న ప్రతిసారీ నన్ను నేనే అసహ్యించుకున్న మనిషిని; ఆ రోజు క్లినిక్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తాళంచెవి తిరిగిన చప్పుడుకు గుండె దడ రావడం మాత్రం తగ్గడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇలాంటి మానసిక గాయపు లక్షణాల తీవ్రతను కొలిచే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రంలో 80కి 54గా మొదలైన నా స్కోరు చివరిసారి 23కి తగ్గింది.

లోపాలూ ఉన్నాయి. సెషన్‌కు 1,500 రూపాయలు నాకు భారమే. దరఖాస్తులో హింసించిన వ్యక్తి అన్నచోట "భర్త" అనే ముందుగా ముద్రించి ఉంది; నేను చెప్పాక మార్చారు. ఆమె సెలవులో ఉన్న మూడు నెలలు వేరొకరికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి రావడం నన్ను బాగా వెనక్కి లాగింది. తోటి బాధితుల తోడ్పాటు ముఖ్యమని సామ్సా సూత్రాలే చెబుతున్నా, పురుషులకు అక్కడ అలాంటి బృందం లేదు.

2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరగలిగేది స్త్రీ మాత్రమే. ఆ చట్టం ఎంత అవసరమో మా అక్క కాపురంలో కళ్లారా చూశాను కనుక దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఇల్లు వదిలిన రాత్రి తలదాచుకోవడానికి నాకు ఒక చోటు లేకపోయిందన్నదే నా బాధ. హిందూ వివాహ చట్టం ప్రకారం క్రూరత్వం కారణంగా భర్త కూడా విడాకులు కోరవచ్చు, నేను ఆ దారే ఎంచుకున్నాను. న్యాయ విషయాలు తన పరిధి కాదని సైకాలజిస్టు మొదటే చెప్పి, లాయరును కలవమన్నారు.

నాలాంటి స్థితిలో ఉన్నవారు ఫీజు కట్టకముందే ఫోనులో రెండు ప్రశ్నలు అడగండి: హింసకు గురైన పురుషులకు ఇంతకుముందు చికిత్స చేశారా, నా అనుమతి లేకుండా నా భార్యకు గానీ పెద్దలకు గానీ కబురు చేస్తారా. డబ్బుకు ఇబ్బందైతే, అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడక తప్పని పరిస్థితైతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.